విడిపోని మంచు

మా అమ్మాయి ఆశాజ్యోతి ఇంటికొచ్చి ఇరవై రెండు రోజులైంది. వైజాగ్‌లో బొమ్మలు గీసే కోర్సు చదువుతూ, హాస్టల్లో ప్రాణం తీసుకోబోయింది. పక్కగది పిల్లలు చూసి కాపాడారు. ఒంటరిగా వదలొద్దని డాక్టరు చెబితే, మా ఆయన సాల్మన్ దాని గది తలుపుకున్న గడియ ఊడదీశారు. నేను స్కూలుకి సెలవు పెట్టి గుమ్మంలో కూర్చుంటున్నాను. అది బాత్రూంలో ఉన్నప్పుడు నీళ్ల చప్పుడు ఆగితే పేరు పెట్టి పిలుస్తాను.

ఎందుకిలా చేశావంటే గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఆ గోడ మీద తను అంటించుకున్న బొమ్మ ఒకటుంది. జపాను వాళ్లు చెక్క మీద చెక్కి, కాగితం మీద అచ్చువేసే రకమట. కొండవాలులో గుడిసెలు, తెల్లటి కప్పులు, నల్లటి ఆకాశం. గొడుగు కింద తల దించుకుని ఒక మనిషి పోతుంటాడు. తీసేద్దామంటే నాకు ధైర్యం చాల్లేదు.

శుక్రవారం పొద్దున ప్రార్థన చెయ్యడానికి వచ్చిన మా అత్తగారు పాపాయమ్మ ఆ బొమ్మ దగ్గర ఆగారు.

"ఏంటే పిల్లా ఇది? ఇంటి కప్పులక్కూడా సున్నం కొట్టేశారు!"

"మంచు, నాన్నమ్మా."

నేను ఉలిక్కిపడ్డాను. దాని గొంతు విని నాలుగు రోజులైంది.

"మంచేగా! ఎనిమిదింటికల్లా విడిపోద్ది. ఈ మాత్రానికి ఆ గొడుగాయనకి అంత ఏడుపుమొహం ఎందుకంట?"

ఆశ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడుపులోకి దిగిపోయింది.

"ఇది మన చేల మీద మంచు కాదు నాన్నమ్మా. విడిపోదు. పడి పేరుకుపోద్ది. ఆ తెలుపు చూశావా? అది రంగు కాదు. అక్కడ ఏ రంగూ అద్దలేదు, వట్టి కాగితం. నా లోపలా అంతే. ఏమీ లేదు."

"ఏం మాట్లాడుతోందే ప్రిస్కిల్లా ఇది?" అన్నారు అత్తగారు, బైబిలు గుండెలకు అదుముకుని.

అలా అనకమ్మా అనబోయి ఆగాను. ఇన్ని రోజులూ అదే అన్నాను.

"మరి అక్కడి వాళ్లేం చేస్తారు?" అని అడిగాను.

"పార పట్టుకుని గుమ్మం ముందు పేరుకున్నది తీసేసుకుంటారు. మళ్లీ పడుతుంది. మళ్లీ తీస్తారు."

"ఎన్నాళ్లు?"

"నెలల తరబడి. నావల్ల కాదు. నన్ను వదిలెయ్యమ్మా."

చేతులతో ఏం చెయ్యాలో తెలియక కొబ్బరినూనె, దువ్వెన తెచ్చాను. దాన్ని లేపి కూర్చోబెట్టాను. జుట్టు ఉండకట్టి పీచులా ఉంది. చివర్ల నుంచి మొదలుపెట్టి ఒక్కో చిక్కూ వేళ్లతో తీశాను. అత్తగారు ప్రార్థన సంగతి మర్చిపోయి నూనె సీసా పట్టుకుని కూర్చున్నారు. పదకొండయింది. సగం కూడా కాలేదు.

"ఇంక చాలు," అంది ఆశ.

"మిగతాది రేపు తీస్తాను."

"రేపటి సంగతి నన్నడక్కు."

దువ్వెన కింద పెట్టలేకపోయాను. చెవి వెనక గట్టి ముడి ఒకటి తగిలింది. పట్టుకుని లాగాను.

"అబ్బా! నొప్పమ్మా! చూసి తియ్యి!" అని నా చేతి మీద చెళ్లున కొట్టింది.

"అంతేనా? ఇంకోటి కొట్టు," అన్నాను. రెండో వైపు పాయ చేతిలోకి తీసుకున్నాను.