ఒడెస్సా నంబరు

పిల్లాణ్ణి చూసుకునే మనిషికి ఇచ్చే డబ్బు చూపిస్తే పన్ను కొంత తగ్గుతుందట. కానీ దానికి ఆ మనిషి సోషల్ సెక్యూరిటీ నంబరు, అంటే సర్కారు ఎవరి ఆదాయమైనా లెక్క చూసే నంబరు, కావాలన్నాడు, మా పన్నులు రాసిపెట్టే గ్లెన్. ఆసుపత్రి లాండ్రీలో డ్యూటీ దిగి తిన్నగా పక్కింటి మిస్ ఒడెస్సా గుమ్మమెక్కాను. మా పిల్లాడు టేవియన్ ఆవిడ ఒళ్లో కూర్చుని మొక్కజొన్న రొట్టె తింటున్నాడు.

"నంబరా? ముగ్గురు మొగుళ్లకే చెప్పలేదు అమ్మాయ్, నీకు చెప్తానా?" అంది.

"శుక్రవారం శుక్రవారం జీతం తీసుకుంటున్నారుగా."

"జీతమేంటి, నేనేం ఆయానా? వీడు నన్ను గ్రానీ అంటాడు. మనవణ్ణి చూసినందుకు ఎవరైనా జీతం తీసుకుంటారా? వద్దంటే నువ్వు బాధపడతావని తీసుకుంటున్నా."

ఒళ్లు మండిపోయింది. కాలుగాలిన పిల్లిలా గుమ్మంలో అటూ ఇటూ తిరిగాను. అనాల్సింది నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా ఆవిడ వాడి మూతి తుడుస్తూ, "రేపూ ఆరింటికేనా?" అంది.

ఈ తలుపు మూసుకుంటే వాణ్ణెక్కడ దించను?

"ఆరింటికే" అన్నాను.

మర్నాడు గ్లెన్ మళ్లీ అడిగాడు, నేను పనికెళ్తే పిల్లాణ్ణి ఎవరు చూసుకుంటారని.

"ఎవరూ లేరు" అన్నాను.