కార్జం చల్లగా ఉండాలి

"యమునా! మాంసం తెచ్చి మెట్ల కింద పెట్టినవా? దేవుని అర్ర గోడకు ఆనుకోని!" అని మా అత్తమ్మ శోభారాణి అరిచేటప్పటికి నేను పెనం మీద దోసె తిప్పుతున్నాను.

మాంసం కాదు, మేక కార్జం, అంటే లివర్. గుడ్డు కూడా గడప దాటని ఇల్లు మాది, ఆమెకు రెండూ ఒకటే. నేను హనుమకొండలో ఒక ఫార్మసీ కాలేజీలో రీసెర్చ్ చేస్తున్నాను. మనం మింగిన మాత్రను విరగ్గొట్టే ఎంజైములు ఎక్కువగా కార్జంలోనే ఉంటాయి. దాన్ని చల్లటి ఉప్పునీళ్లలో మెత్తగా చేసి, మెషీన్లో గిర్రున తిప్పి, వడకట్టి వడకట్టి నాకు కావలసిన ఒక్క ఎంజైమునే పట్టుకోవాలి. కోసిన దగ్గర నుంచీ మంచులోనే ఉండాలి. వేడి తగిలిందా, అంతే సంగతులు. అందుకే ఐదింటికే యాదగిరి మటన్ కొట్టు ముందు నిలబడతాను. "సేటు ఇంటి కోడలివి, గీ కార్జం నీకెందుకు బిడ్డా?" అని రోజూ అడుగుతాడు, రోజూ తాజాదే ఇస్తాడు.

అక్కడి నుంచి నేరుగా ల్యాబుకు పోతే ఏ గొడవా లేదు. కానీ మా ఆయన ఓంప్రకాశ్ ఏడింటికి మిర్చి మార్కెట్‌కు పోవాలి. వేడి దోసె నా చేతిదే కావాలి. "రెండు దోసెలు పోసి పోతే ఏమైతదే? నీ ల్యాబ్ యాడికన్న ఉరుకుతదా?" అంటాడు. ల్యాబ్ ఉరకదు. ఎంజైము ఆగదు. మూడేళ్లుగా ఈ మాట నా నోటిదాకా వచ్చి చట్నీ తాలింపులో కలిసిపోతోంది.

దోసెలయ్యాక వచ్చి చూస్తే మెట్ల కింద కార్జం పెట్టిన ఐస్ డబ్బా లేదు. ఇంటి కప్పు కింద ఉండొద్దని అత్తమ్మ కొంగుతో పట్టుకుని డాబా మీద ఎండలో పెట్టొచ్చింది. ముట్టుకున్నందుకు తలస్నానం కూడా చేసింది. మూత సగం తెరిచే ఉంది, మంచు అంతా నీళ్లయింది.

ఆ మధ్యాహ్నం ల్యాబులో దాని మీద కాంతి వేసి పరీక్ష పెడితే, తెర మీద నాలుగు వందల యాభై నానోమీటర్ల దగ్గర లేవాల్సిన గీత నాలుగు వందల ఇరవై దగ్గర లేచింది. అంటే ఎంజైము చచ్చిపోయింది. మా గైడ్ చంద్రమౌళి సార్ చూసి, "ఇది మూడోసారమ్మా. రేపు గూడ గిట్లనే అయితే ఈ పని భానుచందర్‌కు ఇస్త. సంసారం ఉన్నోళ్లతోని అయ్యేది కాదు" అన్నాడు. నాతోపాటే రీసెర్చ్ చేసే భానుచందర్‌కూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. అయినా ఆ గీత మీద నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. అదే ప్రోటీను, ఎక్కడికీ పోలేదు. కాస్త వేడికే తన పని మరిచిపోయిందంటే లోపల ఏం ఊడినట్టు? ఏ మడత విచ్చుకున్నట్టు? దాన్ని పారబోయబుద్ధి కాలేదు.

సాయంత్రం అత్తమ్మా నేనూ మిర్చి తొడిమెలు తీస్తూ కూర్చున్నాం. మిర్చి ఘాటుకు ఆమెకు తుమ్ములు. పొద్దున వేసుకున్న సర్ది మాత్రకు ఇంకా తూలుతూనే ఉంది. "మా అమ్మ ఉత్త నిద్రపోతు" అని మా ఆయన పదేళ్లుగా వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ చెబుతాడు.

"కోపమొచ్చిందా బిడ్డా? నిజంగనే పాడైందా?" అంది.

"అయింది అత్తమ్మా. రేపే ఆఖరు."

"గంత ఏముంటదే దాంట్ల?" నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"మీరు మింగే మాత్రను విరగ్గొట్టేది గట్లాంటిదే. అందరికీ ఒక్క తీరుగ పనిచెయ్యది. కొందరికి మెల్లగ విరుగుతది, మత్తు దిగనే దిగది."

ఆమె చెయ్యి ఆగింది. "అంటే నేను నిద్రపోతును కాదానే?"

"కాకపోవచ్చు. పరీక్ష చేస్తే గాని తెల్వది. ఇన్నేండ్లు ఎవ్వలు చెయ్యలే."

అత్తమ్మ మళ్లీ మిర్చి అందుకుంది. టీవీ ముందు నుంచి మా ఆయన కేకేశాడు. "యమునా, రేపు ఆరింటికే పోవాలె. దోసెలు జర జల్ది పొయ్యి."

"పిండి ఫ్రిజ్‌ల ఉన్నది, పోసుకోండ్రి. నేను కార్జం తీసుకొని సీదా ల్యాబ్‌కే పోత. రేపే కాదు, రోజూ."

టీవీ గొంతు తగ్గింది. "అమ్మా, విన్నవా దీని మాట?"

"విన్న," అంది అత్తమ్మ. "పోనియ్యి. అది కనుక్కునేదేందో నాగ్గూడ తెల్వాలె."