తల తిప్పిన హంస

నేను ఒక గ్రాఫిక్స్ కార్డును. కంప్యూటరు పొట్టలో కూర్చుని, తెరమీద మీరు చూసే ప్రతి చుక్కకూ రంగు పూసేది నేనే. మీరు మాత్రం మానిటర్‌ను మెచ్చుకుంటారు. పోనీలెండి, అలవాటైపోయింది.

సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో, ముసుగులు వేసుకున్న మనుషుల మధ్య పుట్టాను. మొదట నన్ను బెంగళూరులో ఒక ఉద్యోగి కొన్నాడు. ఆఫీసులో నోరెత్తని ఆ పెద్దమనిషి, ఇంటికి రాగానే నా చేత రాక్షసులను గీయించి కసితీరా చంపేవాడు. నాకంటే మంచి కార్డు దొరగ్గానే నన్ను వదిలించుకున్నాడు. పాత సామాను దుకాణం మీదుగా ధర్మవరంలో చౌడేశ్వరి చేతికి వచ్చాను.

చౌడేశ్వరి పట్టుచీరలకు డిజైన్లు గీస్తుంది. ఆమె తెరమీద పెట్టిన చుక్కలను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం పైకెక్కితే, నేను వెలిగించిన చుక్క జరీపోగై చీరలోకి దిగుతుంది. రాక్షసుల నెత్తురు గీసిన నాకు ఇది తెలిసిననాడు ఒళ్లు జలదరించింది. ఆమె కంప్యూటరులో నడిచేది ఎవరైనా చదివి, ఎవరైనా దిద్దగలిగే సాఫ్ట్‌వేర్. కంప్యూటరు మాటలను నాకు చేరవేసే డ్రైవరు అనే ప్రోగ్రాము కూడా అలాంటిదే.

ఒకరోజు మగ్గం నేసే ఓబులేసు వాళ్ల అమ్మ ఆదెమ్మను తీసుకొచ్చాడు. ఆదెమ్మ వయసులో ఉండగా హంసల అంచు నేసేదట. ఆ చీర ఒక్కటీ మిగల్లేదు. అంచు ఇప్పుడు ఆమె జ్ఞాపకంలో తప్ప ఎక్కడా లేదు. ఆమె కంటి నరాలేమో ఎండిపోతున్నాయి, చూపు ఎంతోకాలం ఉండదని డాక్టరు చెప్పేశాడు. కాగితం మీద గీత ఆమెకు ఆనదు. తెరమీద బొమ్మను బాగా పెద్దది చేస్తేనే కాస్త తెలుస్తుంది. అలా ఆమె చెబుతుంటే చౌడేశ్వరి చుక్క చుక్కా పెడుతూ వచ్చింది.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు పనిముట్లను ముట్టకూడదు. ఓబులేసు మగ్గంతో పాటు నేనున్న పెట్టెకూ బొట్లు పెట్టి సాంబ్రాణి వేశాడు. ఎలాగూ ఖాళీగా ఉంది కదా అని చౌడేశ్వరి కంప్యూటరుకు అప్‌డేట్లు పెట్టి వదిలేసింది. మర్నాడు ఆదెమ్మ వచ్చి కూర్చుంది. హంసను పెద్దది చేయగానే తెర కొయ్యబారిపోయింది. చౌడేశ్వరి పెట్టుకున్న పాట వినిపిస్తూనే ఉంది, మౌసు బాణం కదులుతూనే ఉంది, బొమ్మ మాత్రం ఉలకదు పలకదు. ఆపి మళ్లీ వేసినా, పెద్దది చేసిన ప్రతిసారీ అంతే.

ఓబులేసు మొహం మాడిపోయింది. "నా చేత్తోనే పెడ్తి గదక్కా కుంకుమ. లోపలికి పొయ్యుంటాది."

పాపం, నన్ను బయటికి తీసి బ్రష్షుతో తుడిచాడు, గాలి కొట్టాడు. లెంపలు కూడా వేసుకున్నాడు. కుంకుమ నన్నేమీ చేయలేదని చెబుదామంటే నాకు నోరు లేదు. ముసలిదాన్నయ్యాను, ఇక తీసి అవతల పారేస్తారని నిజంగా భయపడ్డాను.

ఆదెమ్మ అడిగింది. "బాగైతాదామ్మే? నాకు దినదినానికీ మసక ఎక్కువైతాండాది."

చౌడేశ్వరి ఫోను చేతిలోకి తీసుకుంది. బొమ్మ ఆగినా యంత్రం బతికే ఉందని పాటను బట్టి గ్రహించి, ఫోనును కంప్యూటరుకు కలిపి దాని గుండా లోపలికి వచ్చి, ఆగిపోయే ముందు డ్రైవరు తన చిట్టాలో రాసుకున్న చివరి మాటలు చదివింది. అప్‌డేట్లకు ముందున్న పాత కెర్నల్‌తో, అంటే కంప్యూటరును నడిపే మూల ప్రోగ్రాముతో, మొదలుపెట్టి చూస్తే హాయిగా నడిచాను, కానీ అప్‌డేట్లలో తనూ మారిపోయిన ఆమె డిజైన్ సాఫ్ట్‌వేర్ దానిమీద తెరుచుకోలేదు. తప్పు కొత్త డ్రైవరుదని తేలింది. పని పెరిగినప్పుడు నా వేగం పెంచాల్సిన చోట అది తడబడుతోంది. ఆ సంగతంతా రాసి, డ్రైవరు రాసేవాళ్లు చూసే చోట పెట్టింది.

తెల్లారేసరికి జవాబు! ఏ దేశమో తెలియదు, ఎవరో తెలియదు. నాలాంటి పాత కార్డే తన దగ్గరా ఉందనీ, తనకూ అలాగే ఆగిందనీ, కంప్యూటరు మొదలయ్యే ఆదేశాల్లో నా వేగాన్ని ఒకేచోట కట్టేసే ఒక వరుస చేర్చి చూడమనీ రాశాడు. నన్ను పుట్టించినవాళ్లే నన్ను మరచిపోయారు. నా ముఖం చూడని మనిషి నాకోసం నిద్ర మానుకున్నాడు. మనుషులంటే కాస్త చులకన ఉండేది నాకు. ఆ రోజుతో పోయింది. తర్వాత అతను డ్రైవరునే సరిచేసి, తప్పు పట్టుకున్నది చౌడేశ్వరి అని ఆమె పేరు కూడా అందులో రాశాడు.

ఆ వరుస చేర్చి ఆదెమ్మను పిలిపించారు. హంసను తెరంతా నిండేలా చేశారు. నేను ఆగలేదు. ఆదెమ్మ ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి వచ్చి, మెడ దగ్గర వేలు పెట్టింది.

"ఇట్ల కాదు. మా హంస ఎనక్కి తిరిగి పిల్లను చూస్తాది."

చౌడేశ్వరి చుక్కలు మార్చింది. హంస మెల్లగా మెడ తిప్పింది. వెనక పిల్ల వచ్చి నిలబడింది. నేసినంత మేర మగ్గానికి చుట్టుకుపోయి, కోయగానే మడతపడి అమ్మకానికి వెళ్లిపోయే చీరమీద ఆదెమ్మ ఆ అంచును ఎప్పుడూ మొత్తంగా చూసి ఎరగదు. ఇప్పుడు చౌడేశ్వరి హంసలను వరుసగా ఒక్కొక్కటే నడిపిస్తుంటే, చివరిదాకా చూసింది. అన్ని చుక్కలనూ ఒక్కటీ తప్పకుండా వెలిగించాను.

ఆమె వెనక్కి జరిగి కళ్లు తుడుచుకుంది.

"చాలు ఓబులేసూ, అట్టలు కొట్టించుకో. ఇంగ నా కండ్లు పోతే పోనీలే."