సోములు గీసిన ఏనుగు

చీపురుపల్లిలో దుకాణాల బోర్డులూ నాటకాల తెరలూ రాసే సోములుకి ఖాళీ జాగా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. విజయనగరం నుంచి ఇంద్రజాలం జగన్నాధం తన ఆట కోసం పెద్ద గుడ్డ మీద బొమ్మలు వేసి కట్టమని కబురు పెట్టినప్పుడూ అదే జరిగింది. టోపీలోంచి లేచే పావురం, గాల్లో నిలబడ్డ తాడు, చింపినా అతుక్కునే రుమాలు, చెప్పినవన్నీ వేశాక కూడా గుడ్డ చాలా మిగిలిపోయింది. సోములు దానివైపు కాసేపు చూసి, అందులో ఒక ఏనుగుని నిలబెట్టాడు. ముందుభాగం నిండుగా, వెనకభాగం పొగలా కరిగిపోతూ ఉంది. ఎదురుగా జగన్నాధం మంత్రదండం ఎత్తి ఉన్నాడు.

"ఏనుగుని మాయం సేస్తాడేటి ఆయన?" అని అడిగింది భార్య కూర్మమ్మ.

"బొమ్మకి అందంగా ఉంటాదని ఏసినాను."

"సూసినోళ్లు అందమనుకోరు మావా. ఏనుగనుకుంటారు."

అలాగే అనుకున్నారు. ఆట రోజు పొద్దున్న జగన్నాధం రైలు దిగితే, స్టేషన్‌లో జనం అతన్ని వదిలేసి వెనక పెట్టెల వైపు చూస్తున్నారు. సామాను ఎత్తుకున్న నూకయ్య ఉండబట్టలేక అడిగేశాడు. "బాబూ, ఏనుగు గూడ్సులో వస్తాదా?"

జగన్నాధానికి సంగతి అర్థమైంది స్టేషన్ రోడ్డులో కట్టిన బొమ్మ ముందు నిలబడ్డాకే. పక్కన సోములు చేతులు కట్టుకుని తిట్ల కోసం ఎదురు చూస్తున్నాడు.

"సోములూ, నా దగ్గరున్నవి రెండు పావురాలు. వాటిలో ఒకటి ముసలిది," అన్నాడు జగన్నాధం చివరికి. "ఏనుగుని ఎక్కణ్ణించి తెమ్మంటావు?"

"తప్పయిపోనాది బాబూ. తుడిపీమంటే తుడిపీస్తాను."

"ఏనుగుని చూడ్డానికి పల్లెల్లో జనం అప్పుడే బళ్లు కట్టేశారట. ఇప్పుడు తుడిపితే నన్ను మాయం చేస్తారు."

సోములు తల గోక్కున్నాడు. సిగ్గుపడుతూనే చెప్పాడు. "ఓపాలి నాటకంలో పల్సటి గుడ్డ మీద రాజుగారి మేడ ఏసినాను బాబూ. ఎవులో తెర ఎనకాల దీపం ఎట్టీసినారు. మేడ ఎగిరిపోయి, సుట్ట కాల్సుకుంటున్న రాణిగారు కనిపించినాది. మీసాలతోటి."

జగన్నాధం పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. "ముందు దీపం మూసి, వెనక దీపం తెరిస్తే?" అన్నాడు.

ఇక ఆ పగలంతా వేరుశనగ గోదాం హడావిడిగా ఉంది. ఆట అక్కడే. కూర్మమ్మ దోమతెర గుడ్డ ముక్కలు కలిపి కుట్టింది. సోములు నీళ్లలాంటి రంగుతో దానిమీద ఏనుగుని దించాడు. జగన్నాధం పెట్రొమాక్సు దీపం మీద రేకు డబ్బా బోర్లించడం, ఎత్తడం ఇద్దరికీ నేర్పి, ముందు దీపం సోములుకీ, వెనకది కూర్మమ్మకీ అప్పగించాడు. "డబ్బా ఎత్తిన మరుక్షణం పక్కకి తప్పుకోవాలమ్మా" అని మరీ మరీ చెప్పాడు. దీపాలు పెట్టే వేళకి కూడా ఏనుగు తోక తడిగానే ఉంది.

ముందున్న తెర లాగగానే గోదాంలో జనమంతా మెడలు సాచారు. గాలికి గుడ్డ కదులుతుంటే ఏనుగు ఊపిరి పీలుస్తున్నట్టే ఉంది. ముందు వరసలో ఒక ముసలావిడ దణ్ణం పెట్టేసింది. సోములు తన చేతిలో డబ్బా ఉందన్న మాటే మరిచిపోయి, ఇది నేను వేసిందేనా అని చూస్తూ ఉండిపోయాడు. జగన్నాధం దగ్గేసరికి ఉలిక్కిపడ్డాడు.

మంత్రదండం లేచింది. సోములు ముందు దీపం మూశాడు. వెనక కూర్మమ్మ డబ్బా ఎత్తింది. ఏనుగు లేదు.

కాకపోతే అది ఉన్నచోట కూర్మమ్మ నిలబడి ఉంది. కాలిపోతున్న డబ్బా వదిలేసి, వేళ్లు ఊదుకుంటూ తప్పుకోవడం మరిచిపోయింది.

"ఏనుగుని ఆడమనిషిని సేసీసినాడ్రా," అన్నారెవరో.

"అది మన సోములు పెళ్లాం కాదేటి?"

"అయితే ఏటి? ఇన్నాళ్లూ ఏనుగని మనకి తెల్దు."

గోదాం పైకప్పు ఎగిరిపోయేటట్టు ఈలలు, చప్పట్లు. కూర్మమ్మ ఆ గోలకి తలెత్తి, పమిట సర్దుకుని, తాపీగా నమస్కారం పెట్టింది. జగన్నాధం ఇదంతా తను అనుకున్నదే అన్నట్టు తల పంకించాడు.

జనం వెళ్లిపోయాక జగన్నాధం కూర్మమ్మ వేళ్లకి తనే కొబ్బరినూనె రాశాడు. ఆదివారం గరివిడి ఫ్యాక్టరీ వాళ్ల దగ్గర ఆట ఉందనీ, మీ ఇద్దరూ లేకుండా నేను వెళ్లలేననీ అన్నాడు. ఇంటికెళ్లే దారిలో తనకి చీవాట్లు తప్పవని సోములు భయపడ్డాడు. చాలా దూరం నడిచాక ఆమె అడిగింది.

"గరివిడికి పచ్చ సీర కట్టుకోమంటావా, ఎర్రదా?"

సోములు బాగా ఆలోచించాడు. "ఎర్రదే కట్టు," అన్నాడు. "ఏనుగు బూడిదరంగు పోయినాక కంటికి నిండుగా ఉంటాది."