తొట్టి వెనక నది

అమ్మ కంటి ఆపరేషన్ ఇంకో రెండు నెలలు ఆగినా బాగుండునని ఏ కూతురైనా అనుకుంటుందా? డోర్కాస్ అనుకుంది. అనుకుని, ఛీ, నాదీ ఒక బతుకేనా అని తిట్టుకుంది కూడా. కానీ ఏం లాభం? మణిమాలమ్మ కంట్లో పొర తీసేశారు, కట్టు విప్పేశారు. ఇప్పుడావిడ వరండాలో కూర్చుని రోడ్డవతల నిలబెట్టిన స్కూటర్ల నంబర్లు చదివేస్తోంది.

"ఆదివారం దాకా ఎందుకే? రేపే తీసుకెళ్ళు చర్చికి. నువ్వేసిన బొమ్మ అందరికన్నా ముందు నాను సూడాల" అని ఒకటే పోరు.

భిలాయి రిసాలిలో వాళ్ళ తెలుగు చర్చికి ఈమధ్యే బాప్తిస్మపు తొట్టి కట్టారు. తొట్టి వెనక గోడ మీద యేసు బాప్తిస్మం తీసుకున్న యొర్దాను నది బొమ్మ ఉండాలి, అది వీళ్ళ ఆనవాయితీ. బళ్ళో డ్రాయింగ్ టీచరు సంఘంలోనే ఉండగా పైవాళ్ళెందుకని ఆ పని డోర్కాస్‌కు అప్పగించారు. "యొర్దానుని మనలో ఎవరు చూశారు దీదీ? మీ మనసులో ఏ నది ఉంటే అదే వేసెయ్యండి" అన్నారు పాస్టరు సామ్యూల్ గారు.

ఆ మాటే కొంప ముంచింది. భిలాయిలో పుట్టి పెరిగిన మనిషికి మనసులో ఎన్ని నదులుంటాయి? ఒక్కటే. వేసవి సెలవులకు వెళ్ళే అమ్మమ్మగారి ఊరు, పాలకొండ దగ్గర నాగావళి రేవు. రెండు వారాలు కుంచె దానంతటదే నడిచింది. తెల్లటి ఇసుక, రెల్లు దుబ్బులు, అవతలి గట్టున తాటిచెట్లు, పల్చటి నీళ్ళలో కొంగలు. చివరి రోజు నాలుగడుగులు వెనక్కి వేసి చూసేసరికి గుండె ఝల్లుమంది. అది తమ్ముడు మార్టిన్ పోయిన రేవు.

ముప్పై అయిదేళ్ళ నాటి మాట. డోర్కాస్‌కు తొమ్మిది, వాడికి అయిదు. బండ మీద బట్టలుతుకుతూ అమ్మ "తమ్ముడి చెయ్యి వదలకే" అంది. నీళ్ళు మోకాళ్ళ లోతే. కానీ ఇసుక తవ్విన గొయ్యి ఎక్కడుందో ఎవరు చూడొచ్చారు? "చెయ్యి జారిపోయిందమ్మా" అని ఆ రోజు ఏడ్చి చెప్పింది డోర్కాస్. అబద్ధం. చెయ్యి ముందే వదిలేసింది. వదిలేసి కొంగల్ని చూస్తూ నిలబడిపోయింది. అందుకే కదా, ఆ నది రెల్లు పోచతో సహా ఆమెకంత బాగా గుర్తుంది! ఆ బొమ్మ చూస్తే అమ్మకు తెలిసిపోదూ, ఆ నిమిషాన ఈ పిల్ల కళ్ళెక్కడున్నాయో?

సున్నం కొట్టేద్దామని శుక్రవారం సాయంత్రం డబ్బా పట్టుకుని వెళ్ళింది. అప్పటికే పెద్దలంతా చేరి మురిసిపోతున్నారు.

"యొర్దాను ఒడ్డున తాటిచెట్లుంటాయంటారా?" అన్నారొకరు.

"ఖర్జూరాలనుకుందాం, చల్తా హై" అని నవ్వేశారు సామ్యూల్ గారు. డబ్బా తలుపు వెనక పెట్టేసి ఇంటికొచ్చింది డోర్కాస్. ఆ పూట అన్నం సయించలేదు.

శనివారం తల్లిని ఆటోలో తీసుకెళ్ళింది. చర్చిలో ఎవరూ లేరు. మణిమాలమ్మ తొట్టి అంచు పట్టుకుని గోడ వంక చూస్తూ నిలబడింది. ఏదో ఒకటి అనెయ్యవే తల్లీ, తిట్టనైనా తిట్టు అనుకుంది డోర్కాస్.

"నాగావళి" అంది మణిమాలమ్మ చివరికి. తర్వాత వేలు చాపి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "కొంగలు ఆరే ఏసినావేటి? ఏడు కదా. ఆ దుబ్బు పక్కన ఇంకోటుండాల."

ఇక ఆపుకోలేకపోయింది డోర్కాస్. "అమ్మా, చెయ్యి జారలేదు. నేనే వదిలేశాను. వీటినే చూస్తూ ఉండిపోయాను. నీతో అబద్ధం చెప్పాను."

మణిమాలమ్మ మెట్టు మీద కూలబడింది.

"తెలుసే. నువ్వు ఒగ్గీడం నాను సూసేను. కేకేద్దారనుకున్నాను. అంతలో ఆ కొంగలు రెక్కలిప్పినాయి. ఎంత బాగున్నాయో అని నానూ ఆటినే సూసీసేను. తల తిప్పేసరికి బాబు లేడు."

తల్లి పక్కన కూర్చోబోయిన డోర్కాస్ మళ్ళీ లేచి నిలబడింది.

"తొమ్మిదేళ్ళ గుంటవి, సెయ్యి జారిపోనాదని ఏడిస్తే మీ నాన్న నమ్మీసేడు. ఊరంతా నమ్మీసింది. పోన్లే, నన్నెవులూ అడగరు కదాని నోర్మూసుకు కూకున్నాను."

ఎప్పుడైనా ఈ సంగతి అమ్మ ముందు బయటపడితే ఇద్దరూ పట్టుకుని ఏడుస్తారనుకునేది డోర్కాస్. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. తల్లి మీద, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.