మైనరు వాటా

యాభై ఒకటి నిండినా, తల సగం నెరిసినా, ఆమె ఇంట్లోనూ వీధిలోనూ చిట్టే. కళ్లద్దాల షాపు పెట్టి ఇరవై రెండేళ్లయింది. గది మాత్రం అద్దెది. మొన్న ఓనరు వచ్చి స్టూలు మీద తీరిగ్గా కూర్చుని, గది అమ్మేస్తున్నానని, మూడు నెలల్లో కొనుక్కుంటే సరే, లేదంటే ఖాళీ చేయాలని చెప్పి, పనిలో పనిగా తన కళ్లద్దాలకు స్క్రూ బిగించుకుని వెళ్లాడు.

కొనే తాహతు చిట్టికి లేదు. ఉన్న ఆశ ఒక్కటే, తండ్రి పొలం. ఆయన ఆమెకు తొమ్మిదో ఏడు వచ్చిన కొత్తలో పోయాడు. పొలం మాట ఎప్పుడెత్తినా తల్లి "అదెప్పుడో పోయిందే" అని దాటేసేది. ఎలా పోయిందో, ఎవరికి పోయిందో చెప్పేది కాదు. అందుకే తల్లికి తెలియకుండా చిట్టి రికార్డులాయన్ని పెట్టుకుంది.

రికార్డులాయన భూముల ఆఫీసులో ముప్పై ఏళ్లు నకళ్లు రాసి రిటైరైన మనిషి. ఇప్పుడు ఫీజు తీసుకుని అడిగినవాళ్ల వంశాలు, పాత దస్తావేజులు వెతికిపెడతాడు. జెరాక్స్ షాపు వెనక చిన్న గది, ఒక బల్ల, ఫ్యాను గాలికి కాగితాలు లేవకుండా వాటి మీద తుప్పు పట్టిన తాళాలు. చిట్టి మోసుకొచ్చిన కాగితాల సంచిని ఆయన తెరవనైనా తెరవలేదు.

"ఇవి తర్వాత చూద్దామమ్మా. పొలం పక్కన ఎవరుండేవారో చెప్పండి."

"పక్కవాళ్లతో నాకేం పనండీ?"

"మీ కాగితం చెదలు తినొచ్చు, ఎవరైనా దాచేయొచ్చు. పక్కవాళ్లు అమ్మినా కొన్నా నాలుగు హద్దులూ రాయాల్సిందే. ఆ హద్దుల్లో మీవాళ్లు దొరుకుతారు."

మనింట్లో పోయిన వస్తువును పక్కింట్లో వెతికే మనిషి చేతిలో పడ్డాను, అనుకుంది చిట్టి. అయినా ఐదు వారాలు తిరక్కుండానే ఆయన రమ్మని ఫోను చేశాడు.

ఈసారి ఆయన ముఖంలో ఏదో మొహమాటం. రెండు నకళ్లు ఆమె ముందు పెట్టాడు.

"ఇది ఉత్తరం పక్కవాళ్ల దస్తావేజు. దక్షిణ హద్దులో మీ అమ్మగారు, మైనరు కూతురు, వీళ్ల పొలం అని రాశారు. ఇదేమో మూడు నెలల తర్వాత మీ పొలం అమ్మిన దస్తావేజు. ఇందులో మీ అమ్మగారొక్కరే ఉన్నారు. మధ్యలో ఆ పిల్ల ఏమైందా అని వెతికాను." మూడో కాగితం తీశాడు. "అమ్మకానికి జత చేసిన వాంగ్మూలం. కూతురు జబ్బు చేసి చనిపోయింది, వేరే వారసులు లేరు అని." గొంతు తగ్గించాడు. "మీ అక్కగారా అమ్మా?"

"నాకు అక్క లేదండీ."

"చెల్లెలా?"

"నేనొక్కదాన్నే."

రికార్డులాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కాగితం కింద తల్లి సంతకం. చిట్టి స్కూలు ప్రోగ్రెస్ కార్డుల మీద పెట్టినట్టే, గుండ్రంగా, తీరికగా పెట్టిన సంతకం.

కథల్లో అయితే ఇక్కడ గుండెలో పిడుగు పడాలి. చిట్టికి అలాంటిదేమీ జరగలేదు. ఫ్యానుకు నూనె వేయించాలి, బాగా చప్పుడు చేస్తోంది అనుకుంది. ఆయన చెబుతున్నది వింటూనే ఉంది. చనిపోయిందని రాసి అమ్మిన వాటా చెల్లదట. బతికున్నానని నిరూపించుకుంటే సగం పొలం ఆమెదే. ఇన్నేళ్లయినా, మోసం బయటపడ్డ రోజు నుంచే గడువు లెక్కట. అయితే అబద్ధం రాసిచ్చినవాళ్లను భూముల ఆఫీసుకు పిలిచి అడుగుతారు. కేసు పెడతామని నోటీసు కూడా ఇవ్వొచ్చు.

"ఆలోచించుకోండమ్మా," అన్నాడాయన. సరేనంది. ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకు గుర్తు లేదు.

తల్లి మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తుంటి విరిగి నాలుగేళ్లయింది. అప్పట్నుంచి గడప దాటలేదు. మనుమరాలి పెళ్లికి కారు తెచ్చి బతిమాలినా కదలని మనిషి. చిట్టి చెప్పులు విప్పి, ఎదురుగా కింద కూర్చుంది.

"అమ్మా, నేను ఏ నెలలో పోయాను?"

తల్లి ఏంటని అడగలేదు. చేతిలోని కాయ ఒలవడం పూర్తి చేసి, గింజలు గిన్నెలో వేసింది.

"మీ నాన్న పోయిన ఐదో నెల. నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు."

"నన్ను బతికుండగానే చంపేశావా?"

"గుండెకు వారంలో ఆపరేషన్ చేయాలన్నారు. మైనరు వాటా అమ్మాలంటే కోర్టు ఒప్పుకోవాలి, ఆరు నెలలు పడుతుందన్నారు. పిల్ల లేదని రాస్తే ఎవర్నీ అడగక్కర్లేదన్నాడు దస్తావేజులు రాసేవాడు. రాయమన్నాను."

చిట్టికి ఏడుపు రావాలి. రాలేదు. ఈ మనిషిని ఎవరో గుమాస్తా ముందు నిలబెట్టి, నువ్వు అబద్ధాలకోరువా అని అడిగించి, ఆ డబ్బుతో షాపు కొనుక్కోవడమా. అంతకంటే ఖాళీ చేయడమే మేలనిపించింది.

"ఆ కాగితం సంగతి వదిలెయ్. నేనేమీ చేయబోవడం లేదు. అది అలాగే పడి ఉండనీ."

"ఉండనీ అంటావేంటే?" తల్లి గొంతు మొదటిసారి పెరిగింది. "సంతకం పెట్టి తిన్నగా నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాను. నీ ముక్కు కింద వేలు పెట్టి చూశాను. ఆపరేషన్ అయ్యాక చూశాను. ఇంటికొచ్చాక చూశాను. నీ పెళ్లయ్యేదాకా రోజూ నువ్వు నిద్రపోయాక చూస్తూనే ఉన్నాను. నా చేత్తో రాయించాను కదా, ఎప్పటికైనా నిజమైపోతుందేమోనని. నీకు జ్వరమొస్తే ఆ కాగితమే గుర్తొచ్చేది. ఇప్పటికీ వస్తుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను?"

తల్లి గిన్నె పక్కకు జరిపి, ఒళ్లోని తొక్కలు దులుపుకుంది. మంచం కోడు పట్టుకుని, నొప్పికి పళ్లు బిగించి, కాళ్లు కిందికి దించింది.

"దాన్ని కొట్టేయించాలంటే నేను రావాలా?"

"రావాలట. భూముల ఆఫీసులో అబద్ధం రాశానని నువ్వే చెప్పాలట. నోటీసు కూడా..."

"ఆ ఆఫీసు ఎన్నింటికి మూస్తారు?"

చిట్టి గోడ గడియారం వైపు చూసింది. రెండున్నర.

"ఐదింటికి," అంది.

"అయితే నా మంచి చీర తియ్యి," అంది తల్లి.