అట్లకాడ గీత

నేను ఒక మైనపు ఉండను. ఉన్నమాట చెప్పాలంటే సగం ఉండను. మిగతా సగం మొన్న శ్రావణంలో నల్లమల అడవిలో ఒక బండ కింద కాలిపోయింది. అది మండకపోయి ఉంటే ఫారెస్టు బీటు ఆఫీసరు చంద్రకళ ఈ రోజు ప్రాణాలతో ఉండేది కాదు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. ఆ గొప్పలో నా వాటా ఎంతో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నన్ను చేసింది చంద్రకళే. ఎండాకాలం మొదట్లో, అడవి అంచున ఉన్న క్వార్టరు వంటింట్లో చేసింది. తడిసిన పుల్లలను కూడా అంటించగల వస్తువు ఒకటి అడవిలో తిరిగేవాళ్ల సంచిలో ఎప్పుడూ ఉండాలని శిక్షణలో చెప్పారట. ఆమెతో రోజూ అడవి తిరిగే చెంచు వాచరు ఈదన్న ఆ మాట విని నవ్వాడు. ఆయన నడుముకు ఒక వెదురు గొట్టం వేలాడుతూ ఉంటుంది. అందులో చెకుముకి రాయి, ఉక్కు ముక్క, బూరుగు దూది. తాతల నాటి నుంచి అదే ఆయన నిప్పు. అయినా మేడమ్ అడిగింది కదా అని తేనెమైనం, గుగ్గిలం తెచ్చి ఇచ్చాడు. పట్టునంతా ఎన్నడూ కోయడు ఈదన్న. ఈగలకు ఒక ముక్క వదిలేసి వస్తాడు. ఏది దొరికినా కొంత మిగల్చడం ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణం.

పాత దిండు విప్పి దూది తీశారు. వేడినీళ్ల గిన్నెలో ఒక డబ్బా నిలబెట్టి అందులో మైనం కరిగించి, దంచిన గుగ్గిలం కలిపారు. ఉసిరికాయంత దూది ఉండలు చేసి, పైపైన ముంచి తీశారు. మైనం లోపలిదాకా దిగితే దూది అంటుకోదని చంద్రకళ పదిసార్లు చెప్పింది. ప్రతి ఉండకూ కొసన పొడి దూదితో చిన్న తోక వదిలింది, పుల్ల గీసి అంటించడానికి. మొత్తం తొమ్మిది మందిమి. పాత పాలపొడి డబ్బా అడుగున నన్ను, నా మీద మిగతా ఎనిమిది మందిని సర్ది, ప్లాస్టిక్ కవరులో చుట్టిన అగ్గిపెట్టె పైన పెట్టి, మూత చుట్టూ సైకిలు ట్యూబు ముక్క బిగించింది. ఇక ఏ వానకైనా భయం లేదనుకుంది. పాపం, వాన గురించే ఆలోచించింది. ఇంట్లో ఉన్న తల్లి గురించి ఆలోచించలేదు.

తల్లి ఓబుళమ్మకు గుగ్గిలం వాసన అంటే ప్రాణం. కూతురు గస్తీ లేని రోజు సంచిని గోడకు తగిలిస్తుంది కదా, ఒక శుక్రవారం ఆ వాసన ఓబుళమ్మ ముక్కుకు తగిలింది. డబ్బా తెరిచి చూసింది. ఇంత మేలైన గుగ్గిలాన్ని అడవిలో తగలేస్తారా అని తనలో తాను నొచ్చుకుంది. ఒక ఉండను చిదిపి నిప్పుల మీద వేసి, దేవుడి మూల నుంచి వంటింటి దాకా ఇల్లంతా ధూపం పట్టింది. కూతురు అడవి నుంచి క్షేమంగా రావాలని మొక్కుతూనే పట్టింది. మరుసటి శుక్రవారం ఇంకొకటి పోయింది. పక్కింటి బాలింత బిడ్డకు పొగ వేయడానికి ఒకేసారి రెండు వెళ్లాయి. పొయ్యి దగ్గర అగ్గిపెట్టె కనబడనప్పుడల్లా కవరు విప్పి మా అగ్గిపెట్టెలోంచి ఒక్కొక్క పుల్ల తీసింది. ట్యూబు ముక్క ఊరగాయ జాడీ మూతకు గుడ్డ కట్టడానికి పనికొచ్చింది. మనుషులు ఆపద కోసమని ఏదైనా దాచుకుంటే, ఆ దాచినది ఆపద వచ్చేదాకా ఇంట్లో నిలవడం నేనైతే చూడలేదు.

రోహిణి ఎండలకు నేను మెత్తబడ్డాను. తోకతో సహా డబ్బా అడుగుకు కరుచుకుపోయాను. ఆకారం చెడి, అప్పచ్చిలా తయారయ్యాను. అందగాళ్లయిన మిగతా ఎనిమిది మందీ ధూపమై పోయాక ఓబుళమ్మ చెయ్యి నా కోసం దిగింది. వేళ్లతో పీకింది, నేను ఊడలేదు. అట్లకాడ తెచ్చి దాని మూలతో కసిగా గీకింది. నా వీపు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక లోతైన గీత పడింది, దూది పోగులు బయటికి లేచాయి. నొప్పికి నేనెంత తిట్టుకున్నానో మీకు చెప్పలేను. చివరికి విసుగొచ్చి వదిలేసింది. ఖాళీ డబ్బా చూస్తే కూతురు ఏమంటుందోనని పిడికెడు కర్పూరం బిళ్లలు పోసింది. కర్పూరమైతే ఇంకా బాగా మండుతుందని తనకు తాను చెప్పుకుంది. ఆ హడావిడిలో కర్పూరంతో మిరియాలు వేయడం మరిచిపోయింది. మిరియాలు వేయకపోతే కర్పూరం హరించిపోతుందని ఆమే ఊరందరికీ చెబుతుంది. మూత వదులు కావడంతో రెండు నెలల్లో ఆ బిళ్లలన్నీ గాలిలో కలిసిపోయాయి.

చంద్రకళ గస్తీకి వెళ్లే ముందు డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. అగ్గిపెట్టె గలగలమనేది. చాలు, ఉందనుకునేది. లేదు తల్లీ అని చెబుదామంటే నాకు నోరు లేదు.

ఆ రోజు మధ్యాహ్నం వాన ఒక్కసారిగా కమ్ముకుంది. వాగు దాటుతుండగా చంద్రకళ కాలు జారింది. నీళ్లు ఆమెను ఇరవై బారల దూరం ఈడ్చుకుపోయి ఒక బండకు కొట్టాయి. ఈదన్న తన భుజాన ఉన్న మా సంచిని ఒడ్డుకు విసిరి, దూకి ఆమెను బయటికి లాగాడు. ఆమె చీలమండ మెలికపడింది. వాకీటాకీ వాగు పాలైంది. క్యాంపు రెండు గంటల నడక. ఈదన్న ఆమెను భుజాన వేసుకుని ఒక పెద్ద బండ చరియ కిందికి చేర్చాడు. సంచిలో నేనున్నాను, ఆమె పళ్లు టకటక కొట్టుకోవడం డబ్బా లోపలికి వినబడుతోంది. గాలి ఈడ్చి కొడుతోంది.

తేనె కోసం వచ్చినవాళ్లు ఎప్పుడో విడిచిన వెదురు ముక్కలు చరియ లోపల ఉన్నాయి. చెమ్మగా ఉన్నా, లోపలి పొర పొడిదే. ఈదన్న వాటిని గబగబా చీల్చాడు. తన గొట్టం విప్పి చూసుకుంటే దూది నీళ్లోడుతోంది. అప్పుడు ఆమె వణుకు ఆగిపోయింది. ఆమెకు నయమైందనుకుని సంతోషించాను, అంత తెలివితక్కువదాన్ని. ఈదన్న ముఖం మాత్రం మాడిపోయింది. చలికి వణికేవాళ్లు బతుకుతారని, వణుకు ఆగితే ఆశ తగ్గినట్టని ఆయనకు తెలుసు. ఆమె నెమ్మదిగా, ముద్దముద్దగా, గస్తీ అయిపోయింది కదా, కాసేపు పడుకుంటానంది.

“పండుకోవద్దు మేడమ్మా. నాతో మాట్లాడు. మీయమ్మ పేరేంది, చెప్పు.”

ఆమెకు తల్లి పేరు వెంటనే గుర్తు రాలేదు.

ఈదన్న డబ్బా మూత తీశాడు. లోపల అగ్గిపెట్టె, కర్పూరం వాసన, అడుగున నేను. ఒక్క క్షణం ఆయన చూపు చూసి సిగ్గుతో చచ్చిపోయాను. కత్తి మొనతో నన్ను పెల్లగించాడు. పెల్లగించేటప్పుడు నా తోక తెగి డబ్బాకే అంటుకుపోయింది. అగ్గిపెట్టెలో మూడే పుల్లలున్నాయి.

మొదటి పుల్ల మందు చెమ్మకు మెత్తబడి పొడిపొడిగా రాలిపోయింది. రెండోది వెలిగింది. దాన్ని నా నున్నటి వైపు పెట్టాడు. మైనం చెమర్చింది, జారింది, కానీ దూది దొరకలేదు. పుల్ల ఆయన వేళ్ల దాకా కాలి ఆరిపోయింది. వెనక చంద్రకళ మాట ఆగిపోయింది.

ఈదన్న మూడో పుల్ల గీయలేదు. నన్ను వెలుతురు వైపు తిప్పి చూశాడు. అప్పుడు కనబడింది ఆయనకు, అట్లకాడ గీత. దాని వెంట నిక్కబొడుచుకున్న పొడి పోగులు. గోటితో వాటిని ఇంకాస్త లేపాడు. గాలికి తన వీపు అడ్డం పెట్టి, మూడో పుల్ల గీసి, గీత కొసకు తాకించాడు.

అంటుకున్నాను. అంతకన్నా ఎలా చెప్పాలో తెలియదు. పుట్టినప్పటి నుంచి దీని కోసమే ఉన్నానని అప్పుడు తెలిసింది. వెదురు పేళ్లు పొగలు కక్కి, చిటచిటమని, చివరికి మంట నిలబడింది. నిలబడ్డాక ఈదన్న కత్తితో నన్ను బయటికి లాగి తడి ఇసుకలో అణిచాడు. వాన గాలికి మంట పోతే మళ్లీ కావాలి కదా. తేనెపట్టులో ముక్క వదిలే చెయ్యి నన్నూ సగం మిగిల్చింది. ఆమె తడి చొక్కా విప్పించి, తన తలగుడ్డ మంటకు ఆరబెట్టి కప్పి, మంట దగ్గరికి జరిపాడు. చాలాసేపటికి ఆమె మళ్లీ వణకడం మొదలుపెట్టింది. ఆ వణుకు చూసి ఈదన్న ఏడ్చాడు. కాసేపటికి ఆమె కళ్లు తెరవకుండానే ఒక మాట అంది.

“ఓబుళమ్మ.”

మరుసటి రోజు క్వార్టరులో ఓబుళమ్మకు సంగతంతా తెలిసింది. చంద్రకళ డబ్బా గురించి ఒక్క మాటా అనలేదు. ఓబుళమ్మే డబ్బా తెరిచి, అందులో నన్ను చూసి, గడప దగ్గర నిలబడ్డ ఈదన్నను అడిగింది, నిప్పు ఎట్లా దొరికింది నాయనా అని. ఆయన ఆమె మనసు నొప్పించకూడదనుకున్నాడు.

“నువ్వు ఒకటి ఇడిసిపెట్టినావు గదమ్మా. అదే ఎలిగింది.”

ఓబుళమ్మ నన్ను అరచేతిలో పెట్టుకుని, కాలకుండా మిగిలిన గీత ముక్కను బొటనవేలితో తడిమింది.

“నేను ఇడిసిపెట్టలేదు నాయనా. గీకినా. అది రాలే.”

ఇప్పుడు డబ్బాలో నాతో పాటు కొత్తవి తొమ్మిది ఉన్నాయి. ఓబుళమ్మే చేసింది. మూతకు ట్యూబు ముక్క తిరిగి వచ్చింది. చేసిన ప్రతి ఉండ వీపు మీదా, మైనం ఆరగానే, అట్లకాడ మూలతో ఒక గీత గీసింది.